తప్పించుకున్న మొక్క, తట్టుకున్న మొక్క: జామాయిల్ క్లోన్లకు గాల్ కందిరీగ పరీక్ష, నా అనుభవం

జామాయిల్ మొక్కలు కొనడానికి వచ్చిన రైతు ముందుగా అడిగేది "దీనికి బొడిపెలు రావు కదా?" అనే. నర్సరీవాళ్లు రావనే చెప్తారు. ఆ మాట వెనక ఎవరైనా లెక్క చూశారా, చూస్తే ఎలా చూశారు అన్నది ఎవరూ అడగరు. హైదరాబాద్ శివార్లలో, మేడ్చల్ వైపు ఒక స్క్రీన్ హౌస్‌లో 12 క్లోన్లను (ఒక్కో తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన అచ్చు నకలు మొక్కల రకాల్ని) ఈ బొడిపెలు తెచ్చే గాల్ కందిరీగ ముందు పెట్టి ఆ లెక్కే చూశాం. ఏ క్లోన్ నిలబడిందో ఇక్కడ రాయడం లేదు. ఒక్క సీజన్ పరీక్షతో పేర్లు బయటపెడితే మర్నాటికల్లా అవి నర్సరీ బోర్డుల మీదకి ఎక్కుతాయి. పని ఎలా చేశాం, ఎక్కడెక్కడ లెక్క తప్పింది అన్నదే రాస్తున్నాను.

ముందు పురుగు సంగతి. దీని పేరు లెప్టోసైబె ఇన్వేసా. పుట్టిల్లు ఆస్ట్రేలియా. 2000వ దశకం మొదట్లో మధ్యధరా దేశాల్లోనూ దక్షిణ భారతంలోనూ బయటపడింది, శాస్త్రీయంగా పేరు పెట్టింది 2004లో. ఆడపురుగు పొడవు మిల్లీమీటరు దాటి కొంచెం ఉంటుంది. గోధుమ రంగు ఒంటి మీద నీలం, ఆకుపచ్చ కలిసిన మెరుపు. మగవి చాలా అరుదు, ఆడవే మగతోడు లేకుండా ఆడపిల్లల్ని కంటాయి. అంటే పరీక్ష కోసం కట్టిన పంజరంలోకి ఒక్కటి చొరబడినా చాలు, పెరిగిపోతాయి. లేత ఆకు మధ్య ఈనెలో, తొడిమలో, చిగురు కాండంలో గుడ్డు పెడుతుంది. ఆకు విచ్చుకున్న ఒకటి రెండు వారాల లోపైతేనే దానికి పనికొస్తుంది, ముదిరితే ముట్టదు. ఈ ఒక్క ముక్క మర్చిపోతే పరీక్ష మొత్తం వృథా. ఎందుకో కింద తెలుస్తుంది.

మొక్కల తయారీకి మినీ కటింగ్స్ తీసుకుని, 4000 పీపీఎం ఐబీఏ (వేళ్లు పుట్టించే హార్మోను) పొడిలో ముంచి, కొబ్బరి పొట్టు నింపిన రూట్ ట్రైనర్ గొట్టాల్లో పెట్టాం. నీటి తుంపర పట్టే మిస్ట్ చాంబర్‌లో నెల, గట్టిపడటానికి ఇంకో నెల. తర్వాత కుండీల్లోకి మార్చి, నాలుగో నెలలో అన్నిటినీ నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఒకే రోజు కత్తిరించాం. పది పదిహేను రోజుల్లో కొత్త చిగుళ్లు వస్తాయి. బలమైన ఒక్క కొమ్మ ఉంచి మిగతావి గిల్లేయాలి. ఈ కత్తిరింపు చాలామంది చేయరు. చేయకపోతే ఒక క్లోన్ నిండా లేత చిగురు, పక్క క్లోన్ నిండా ముదురు ఆకు ఉంటుంది. పురుగు రెండోదాన్ని వదిలేస్తుంది. చూసినవాళ్లు దాన్ని నిరోధకత అని రాసుకుంటారు. ఆ మొక్క తట్టుకోలేదు, తప్పించుకుంది. ఈ పనిలో తలనొప్పి అంతా ఈ రెంటినీ విడదీయడంలోనే.

అందుకే పురుగును వదిలే రోజున ప్రతి మొక్కకూ రెండు కొలతలు రాశాం: కొత్త చిగురు పొడవు ఎన్ని సెంటీమీటర్లు, దాని మీద విచ్చుకున్న ఆకులు ఎన్ని. చిగురు మొదలైన చోట రంగు ఊలు దారం వదులుగా కట్టాం. తర్వాత లెక్కపెట్టేదంతా ఆ దారం పైనున్న ఆకుల మీదే. పది కొత్త ఆకులకు ఎన్ని బొడిపెలు అని చెప్తే ఒక క్లోన్‌ను ఇంకోదానితో పోల్చవచ్చు. మొక్కకు ఎన్ని అని చెప్తే చిగురు ఎక్కువ వేసిన క్లోన్‌కు అన్యాయం జరుగుతుంది. నత్రజని ఎక్కువ పడ్డ కుండీలో చిగురు మెత్తగా, పొడవుగా వస్తుంది, నీళ్లు తప్పిన కుండీలో అసలు రాదు. కాబట్టి ఎరువు కొలిచి, నీరు కొలిచి పోయాలి. "అన్నిటికీ ఒకేలా పోశాం" అని చేతి అంచనా మీద రాస్తే కుదరదు.

పంజరానికి ముప్పావు అంగుళం పీవీసీ పైపులతో 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు చట్రం కట్టాం. మొదట షేడ్ నెట్ షాపులో దొరికే 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలు) కీటకాల వల చుట్టాం. తెల్లదోమ కోసం అది వాడతారు గానీ మా పురుగులు కొన్ని దూరి బయటపడ్డాయి. తర్వాత పత్తర్‌గట్టిలో చున్నీలకి అమ్మే ఆర్గంజా గుడ్డ తెచ్చి, దర్జీ చేత జిప్పు తలుపు కుట్టించాం. గాలి ఆడుతుంది, పురుగు ఆగుతుంది, లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. పంజరం కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టాలి. లేకపోతే చీమలు రాత్రికి రాత్రే కందిరీగల్ని ఖాళీ చేస్తాయి. సాలీళ్ల కోసం ఆకు తిరగేసి వెతకాలి. గోరంత గెంతుడు సాలీడు ఒక్కటి దాగితే ఆ మూలనున్న మొక్కలన్నీ "నిరోధక" మొక్కలైపోతాయి.

ఒక్కో పంజరంలో 12 క్లోన్లు, వాటితోపాటు బొడిపెలు తప్పకుండా వస్తాయని ముందే తెలిసిన ఒక చెక్ క్లోన్. ప్రతిదీ రెండేసి మొక్కలు, మొత్తం 26. ఎక్కడ ఏది పెట్టాలో చీటీలు తీసి పెట్టాం. అలాంటి పంజరాలు ఆరు. ఇక్కడ చాలామంది పొరపడేది ఒకటుంది. ఒక క్లోన్‌కు మొత్తం 12 మొక్కలున్నాయి కాబట్టి 12 రెప్లికేషన్లు (పరీక్షను విడివిడిగా మళ్లీ చేసిన సార్లు) అని రాసేస్తారు. కాదు. పురుగును వదిలింది పంజరంలోకి, మొక్క మీదకి కాదు. కాబట్టి రెప్లికేషన్ అంటే పంజరమే, మా దగ్గర ఉన్నవి ఆరే. పంజరంలోని రెండు మొక్కల సగటు ఒక్క అంకె కిందే లెక్క.

పురుగుల్ని పట్టడం ఓపిక పని. బొడిపెలు ఎర్రబడి ముదిరిన కొమ్మల్ని తోటల నుంచి కోసి తెచ్చి, మొదళ్లు నీళ్లలో ఉంచి, నల్ల రంగు వేసిన అట్టపెట్టెలో పెట్టాం. పెట్టె పక్కన రంధ్రం చేసి గాజు టెస్ట్ ట్యూబు గుచ్చితే బయటికొచ్చిన కందిరీగలు వెలుతురు కోసం ట్యూబులోకి వస్తాయి. పీల్చుడు గొట్టంతో వాటిని సీసాల్లోకి తీయాలి. గొట్టంలో నోటివైపు చివరకు పలచని గుడ్డ కట్టడం మర్చిపోవద్దు.

అయితే అందులోంచి వచ్చేవన్నీ మనకి కావలసినవి కావు. బొడిపెలోని పిల్లపురుగును తినే పరాన్నజీవి కందిరీగలూ అక్కణ్ణుంచే వస్తాయి. ఇజ్రాయెల్ నుంచి మన దేశానికి తెచ్చి వదిలిన క్వాడ్రాస్టికస్ మెండెలి ఒకటి, మెగాస్టిగ్మస్ జాతులు ఇంకొన్ని. కంటికి అన్నీ ఒకేలా నలకల్లా ఉంటాయి. స్టీరియో మైక్రోస్కోపు కింద పెడితే తేడా తెలుస్తుంది. మెగాస్టిగ్మస్‌కు ముందు రెక్క అంచున నల్లటి చుక్క ఉబ్బి ఉంటుంది, ఆడదానికి వెనక పొడవాటి సూది వేలాడుతుంది. ఇవి పంజరంలోకి పోయాయంటే మనం పరీక్షించేది మొక్క శక్తిని కాదు, పరాన్నజీవి ఆకలిని. కాబట్టి ప్రతి సీసానూ 5 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి, పురుగులు మందగించాక ఒక్కొక్కటీ చూసి వేరు చేశాం. సీసాలో టిష్యూ కాగితం ముక్క వేయాలి. లేకపోతే చల్లదనానికి గోడల మీద చెమ్మ పట్టి పురుగులు అంటుకుని చస్తాయి.

మొక్కకు నాలుగు చొప్పున పంజరానికి 104 ఆడపురుగులు. సగం మొదటి రోజు, సగం మూడు రోజుల తర్వాత, నాలుగు మూలల నుంచీ ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య వదిలాం. తేనెలో అంతే నీళ్లు కలిపి కాగితం మీద సన్నని గీతలా పూసి వేలాడదీశాం. బొట్లుగా పెడితే అందులోనే మునిగిపోతాయి. తేనె, నీరు దొరికితే ఆడపురుగు వారం దాకా బతుకుతుంది, ఆకలితో ఉంటే మూడు రోజులే. నీళ్లు కుండీ కింద పళ్లెంలోనే పోయాలి, పైనుంచి చల్లకూడదు. కాలం కూడా చూసుకోవాలి. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటితే గుడ్డ పంజరం లోపల ఇంకా ఎక్కువ, పురుగు గుడ్డు పెట్టేలోపే పోతుంది. డిసెంబరు రాత్రుల చలికి బొడిపె ఎదుగుదల నెమ్మదిస్తుంది. మేం అక్టోబరు ఎంచుకున్నాం. వానలు వెనక్కి తగ్గి, ఎండ ఇంకా మితంగా ఉండే రోజులు.

ఏడో రోజున 10 రెట్ల భూతద్దంతో మొదటి పరిశీలన. అప్పటికి బొడిపెలు ఉండవు, గుడ్డు పెట్టిన గాట్లు మాత్రం ఉంటాయి. మధ్య ఈనె వెంట సూదితో గుచ్చినట్టు చిన్న చుక్కలు, వాటి చుట్టూ బెరడులాంటి పొర, కొంచెం గులాబీ ఛాయ. మా 12 క్లోన్లలో ఒకదాని ఆకు ఇప్పటికీ కళ్ల ముందుంది. ఈనె మీద వరసగా 14 గాట్లు, అన్నీ అగరబత్తితో కాల్చినట్టు గోధుమ రంగు, చుట్టూ కణజాలం ఎండిపోయింది. పురుగు వచ్చింది, గుడ్డు పెట్టింది, మొక్క ఆ చోటును చంపుకుని గుడ్డునూ చంపేసింది. 45వ రోజుకి ఆ ఆకు మీద ఒక్క బొడిపె లేదు. ఇంకో క్లోన్ మీదా బొడిపెలు లేవు, కానీ గాట్లూ లేవు, పురుగు దాని జోలికే పోలేదు. ఏడో రోజు భూతద్దం పట్టకపోతే ఈ రెండూ పట్టికలో ఒకే సున్నా. మొదటిదాన్ని యాంటీబయోసిస్ అంటారు, రెండోది పురుగు ఇష్టపడకపోవడం. పెయింటర్ అనే కీటక శాస్త్రవేత్త 1951లో మొక్కల నిరోధకతకు చేసిన వర్గీకరణ ఇప్పటికీ ఇదే: ఇష్టపడకపోవడం, యాంటీబయోసిస్, ఓర్చుకోవడం.

రెండో రకంతో జాగ్రత్త. పంజరంలో పక్కనే నచ్చిన మొక్క ఉంటే పురుగు అటు పోతుంది. తోట మొత్తం ఇదే క్లోన్ అయితే దానికి వేరే దిక్కు ఉండదు. అందుకే గాట్లు లేని క్లోన్లను విడిగా, ఒక్కో మొక్కకు ఒక్కో గుడ్డ సంచి తొడిగి, అయిదేసి ఆడపురుగుల్ని లోపల వదిలి మళ్లీ పరీక్షించాం. అలాంటివి మూడుంటే రెండింటి మీద బొడిపెలు వచ్చాయి. పంజరంలో సున్నా చూసి మురిసిపోయిన క్లోన్లే అవి.

21వ రోజున తొలి లెక్క, 45వ రోజున పూర్తి లెక్క. ఈనె మీదవి, తొడిమ మీదవి, కాండం మీదవి వేర్వేరు కాలమ్స్‌లో రాయాలి. కాండం మీద అయిదు బొడిపెలు ఈనె మీద ఇరవైకంటే ఎక్కువ చెరుపు చేస్తాయి, చిగురు వంకర తిరిగి ఎండుతుంది. లెక్కతోపాటు 0 నుంచి 4 దాకా స్కోరు ఇచ్చాం. గాటూ బొడిపె ఏదీ లేకపోతే 0. గాట్లుండి బొడిపె లేకపోతే 1. బొడిపెలుండి ఆకు ఆకారం మారకపోతే 2. ఆకు ముడుచుకున్నా తొడిమ వంగినా 3. కాండం మీదకు పాకి చిగురు ఎండితే 4.

ఈ స్కోరుతో వచ్చే చిక్కు మనుషులది. ఒకే 60 ఆకుల్ని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి చూస్తే 51 ఆకులకు ఒకే స్కోరు వచ్చింది. 85 శాతం అంటే బాగానే ఉంది కదా అనుకుంటాం. కానీ అందులో 38 ఆకులు సున్నాలు, సున్నాను సున్నా అనడానికి నేర్పు అక్కర్లేదు. మిగిలిన 22లో కలిసింది 13కే. తేడా అంతా 2, 3 మధ్యే. "ముడుచుకోవడం" అంటే ఒకరికి కొంచెం వంగినా ముడుచుకున్నట్టే, ఇంకొకరికి సగం మడత పడాలి. ఆకు చివర ఈనెకు 30 డిగ్రీలు మించి పక్కకు తిరిగితేనే 3 అని నిర్ణయించి, ఫోటోలతో అట్ట మీద చార్టు చేసి ఇద్దరి మెడలోనూ వేశాం. ఒకే మనిషి ఒక పంజరం మొత్తం పూర్తి చేయాలి. మధ్యలో చేయి మారితే ఆ తేడా క్లోన్ల తేడాలో కలిసిపోతుంది.

ఇంకో తప్పు ఇంతకంటే లోతుగా దాక్కుంటుంది. బొడిపెలు ఎక్కువైన ఆకు ముందుగా రాలిపోతుంది. 45వ రోజున చెట్టు మీదున్న ఆకుల్నే లెక్కపెడితే బాగా దెబ్బతిన్న క్లోనే శుభ్రంగా కనిపిస్తుంది. అందుకని వదిలిన రోజునే ప్రతి ఆకుకూ నంబరు ఇచ్చి, తర్వాత లేని ఆకు దగ్గర "రాలింది" అని రాశాం. మొదటి పంజరం డేటా కంప్యూటర్‌లో ఎక్కించినప్పుడు ఆ గళ్లు సున్నాలుగా పడ్డాయి. చెక్ క్లోన్ సగటు ఒక్కసారిగా సగానికి దిగితే గానీ పట్టుకోలేకపోయాం.

బొడిపె సైజు డిజిటల్ కాలిపర్‌తో, ఆకు తాజాగా ఉన్నప్పుడే కొలవాలి. నిండుగా ఎదిగిన బొడిపె రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. కాలిపర్ దవడలు నొక్కితే పదో వంతు పోతుంది, కాబట్టి తాకగానే ఆగాలి. కొన్ని బొడిపెల్ని బ్లేడుతో నిలువుగా కోసి చూశాం. ఒక్కో గదిలో ఒక్కో తెల్లని, కాళ్లు లేని పిల్లపురుగు. ఒక క్లోన్‌లో బొడిపెలు బయటికి బాగానే ఉన్నా గదులు సగం మూసుకుపోయి, పురుగులు ముడతలు పడి చచ్చి ఉన్నాయి. అందుకే చివర్లో రంధ్రాలు కూడా లెక్కపెట్టాలి, వంద బొడిపెలకు ఎన్ని పురుగులు బయటికొచ్చాయో. దానికి నెలలు పడుతుంది. ఇజ్రాయెల్‌లో చేసిన తొలి పరిశీలనల్లో గుడ్డు నుంచి పురుగు బయటికి రావడానికి గది వేడిమిలో సగటున 132 రోజులకు పైనే పట్టింది. అప్పటిదాకా కొమ్మకు గుడ్డ సంచి తొడిగి ఉంచాలి.

ఇక చెక్ క్లోన్. మేం ముందే పెట్టుకున్న నియమం: ఏ పంజరంలో చెక్ మొక్కకు సగటున పది బొడిపెలు కూడా రాలేదో ఆ పంజరం లెక్కలోకి రాదు. ఆరింటిలో రెండు పంజరాలు అలా పోయాయి. చెక్ మొక్కల మీద రెండు మూడు బొడిపెలు, మిగతా క్లోన్లన్నీ సున్నా. తీగ లాగితే తేలిందేమిటంటే, ఆ రెండు పంజరాల మొక్కలూ మేం పెంచినవి కావు, బయట ఒకే నర్సరీ నుంచి వచ్చాయి, అక్కడ కుండీలకు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోశారు. అది వేళ్ల ద్వారా మొక్క ఒళ్లంతా పాకే మందు. చెక్ లేకపోతే "అన్ని క్లోన్లూ అద్భుతం" అని రిపోర్టు రాసి ఉండేవాళ్లం. ఆ తర్వాత బయటి మొక్కలు తీసుకోవడం మానేశాం, తప్పదంటే మందు చరిత్ర రాతపూర్వకంగా అడుగుతున్నాం.

మిగిలిన నాలుగు పంజరాల్లో ఒక క్లోన్ ఎనిమిది మొక్కల్లో ఏడింటికి సున్నా, ఎనిమిదోదానికి 46 బొడిపెలు. సగటు కడితే 5.75, అంటే "మధ్యస్థ నిరోధకత". సగటు చూసి సంతకం పెట్టేవాళ్లు ఇక్కడే పడతారు. ఆ ఒక్క మొక్క ఆకు చూస్తే వెడల్పు తేడా, కాడ రంగు తేడా. డీఎన్ఏ మార్కర్ పరీక్షలో అది చెక్ క్లోనే అని తేలింది. లేబుల్ మారింది. పర్మనెంట్ మార్కర్ అని అమ్మేది మన ఎండకి కొన్ని నెలల్లోనే వెలిసిపోతుంది, చదవలేక ఎవరో అందాజాగా తిరగరాశారు. ప్లాస్టిక్ పట్టీ మీద మామూలు పెన్సిల్‌తో రాస్తే నిలుస్తుంది. ఇంకా కావాలంటే అల్యూమినియం బిళ్ల మీద అక్షరాలు పంచ్ చేయించవచ్చు.

గణితం గురించి తక్కువే చెప్తాను. బొడిపెల లెక్కల్లో సున్నాలు ఎక్కువ, ఉన్నచోట గుంపులుగా ఉంటాయి. పాత అలవాటు ప్రకారం వర్గమూలం తీసి అనోవా (సగటుల మధ్య తేడా నిజమైనదో కాదో చూసే లెక్క) చేస్తే మధ్యరకం క్లోన్లకు సరిపోతుంది, సున్నాల క్లోన్ల దగ్గర మోసం చేస్తుంది. ఇలాంటి గుంపు లెక్కలకు సరిపోయే నెగెటివ్ బైనామియల్ మోడల్‌లో పంజరాన్ని యాదృచ్ఛిక అంశంగా, కొత్త ఆకుల సంఖ్యను ఆఫ్‌సెట్‌గా (ఆకుకు ఎన్ని అని పోల్చేందుకు) పెడితే మెరుగు. వంశపారంపర్య పాలు, అంటే కనిపించే తేడాలో జన్యువుల వల్ల వచ్చేది ఎంత అన్న సంగతి: క్లోన్ల మధ్య వేరియన్స్ (తేడాల కొలత) 0.9, మిగులు వేరియన్స్ 1.8 అనుకుందాం. ఆ మిగులును పంజరాల సంఖ్యతో భాగించి కలపాలి: ఆరు పంజరాలుంటే 0.9ని 0.9 + 0.3తో భాగిస్తే 0.75. నాలుగే మిగిలితే 0.9ని 0.9 + 0.45తో, అంటే 0.67. రెండు పంజరాలు పోవడం వల్ల మేం పోగొట్టుకున్నది అంత.

పెయింటర్ చెప్పిన మూడోది, ఓర్చుకోవడం, పంజరంలో కొలవలేం. బొడిపెలు వచ్చినా ఎదుగుదల తగ్గని క్లోన్ ఏదో తోటలోనే తేలాలి. అందుకు జులైలో 3 × 2 మీటర్ల ఎడంతో నాటి, బ్లాకులో సగానికి మందు కొట్టి, సగం వదిలేసి, రెంటి ఎత్తూ లావూ పోల్చాలి. వానాకాలం గాలి పడమర నుంచి వస్తుంది కాబట్టి పురుగు ఆ అంచునే ముందు పడుతుంది. బ్లాకుల్ని ఆ గాలికి అడ్డంగా వేయాలి. చెట్టు లావు కొలిచేది ఛాతీ ఎత్తులో, అంటే మన అటవీ లెక్కల్లో 1.37 మీటర్లు. మొక్క అంత ఎదిగేదాకా మొదలు లావు కొలుస్తాం, కొలిచిన చోట పెయింటుతో గీత పెట్టి ప్రతిసారీ అక్కడే. గీత లేకుండా రెండు వేళ్ల కిందికి జారితే వచ్చే తేడా రెండు క్లోన్ల మధ్య తేడా కంటే ఎక్కువ. చెట్టు నరికాక మోడు నుంచి వచ్చే పిలకలు నిండా లేత ఆకే కాబట్టి, అసలు పరీక్ష మళ్లీ అప్పుడు.

పంజరాలు విప్పేటప్పుడు బొడిపెల కొమ్మల్ని కుప్పలో పడేయకూడదు. నల్ల పాలిథిన్ సంచుల్లో మూతి బిగించి వారం రోజులు ఎండలో పడేస్తాం, తర్వాతే కాలుస్తాం. ఆ సంచులు కట్టేది కూడా తెల్లవారుజామునే, కందిరీగలు చలికి కదలకుండా ఉన్నప్పుడు.